పంట కాపలా లైసెన్సు

వాగొడ్డుపాలెం,
ప్రకాశం జిల్లా.
24 మార్చి 2024

అమ్మాయ్ సిద్దికా,

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా మీ అత్త జైనాబీ మాట్లాడి, చివర్లో "మీ మామయ్య బాగానే ఉన్నాడు" అని నా తరఫున తనే చెప్పేస్తోంది. నేను బాగున్నానో లేదో నేను చెప్పాలి కదా. చీమకుర్తి క్వారీలో అన్నేళ్లు డ్రిల్లింగ్ మిషన్ పట్టుకున్నందుకు నా చెవులు ఆ రాళ్ల గుంటలోనే ఉండిపోయాయి. ఎదురుగా నిలబడి గట్టిగా అరిస్తే సగం వినపడుతుంది. ఫోన్లో అయితే మనిషి గొంతు ఈగల రొదలాగా ఉంటుంది. అందుకే నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు రాసినట్టే కాగితం మీద రాస్తున్నాను. నువ్వూ అలాగే రాయి. ఎస్సైవి అయ్యాక నీ చేతిరాత ఏమైనా బాగుపడిందేమో చూస్తాను.

మొన్న మన తుపాకి తీసుకుపోయి స్టేషన్లో అప్పజెప్పి వచ్చాను. ఎన్నికలంట. ప్రతి ఎన్నికకూ ఉన్న తంతే, కానీ ఈసారి చూసింది మాత్రం మింగుడు పడలేదు. మండలంలో లైసెన్సు ఉన్న రైతులం అందరం ముసలివాళ్లమే. ఒకడు గోనెసంచిలో చుట్టుకొచ్చాడు, ఒకడు దుప్పట్లో. అవన్నీ మా నాన్నల నాటి ఒంటిగొట్టం తుపాకులు, పందుల్ని బెదరగొట్టడానికి తప్ప దేనికీ పనికిరావు. మమ్మల్ని మెట్ల కింద ఎండలో నిలబెట్టి, ఒక్కొక్కటీ లాక్కుని, గొట్టానికి పురికొసతో అట్టముక్క కట్టి లోపల మూలకు పడేశారు.

అప్పుడే పెద్దాయన కారు వచ్చింది. పెద్దాయనంటే నీకు తెలుసుగా, మన మండలంలో ఏ పార్టీ గెలిచినా ఆ పార్టీలోనే ఉండే నాయకుడు. ఆయన వెనక దిగినవాడి చొక్కా కింద పిస్తోలు పిడి మా అందరికీ కనపడుతోంది. కానిస్టేబుల్ లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. నా వెనకున్న ముసలాయన ఉండబట్టలేక, "మరి ఆయనది అప్పజెప్పడా అయ్యా?" అన్నాడు. ఆయన గొంతు పెద్దది కాబట్టి నాకూ వినపడింది. "నీ పని చూసుకుని పో తాతా" అన్నాడు కానిస్టేబుల్.

నాకు రోత పుట్టిందమ్మాయ్. తుపాకి ఇచ్చినందుకు కాదు. చట్టం మా వరకే వచ్చి ఆగిపోయిందే, అందుకు.

మీ అమ్మ మోకాళ్ల నొప్పులకు ఆముదం కాచి పట్టు వెయ్యమను. మిరపకాయ కోతలు ముగిశాయి. రేటు గురించి అడక్కు.

మీ మామయ్య,
బుడాన్


శ్రీకాకుళం,
7 ఏప్రిల్ 2024

మామయ్యకు, అత్తకు సలాములు.

మీ ఉత్తరాన్ని అమ్మ రెండుసార్లు చదివించుకుంది. "వాడి కోపం చిన్నప్పటినుంచీ అంతే" అని నవ్వింది. నా చేతిరాత మీరు అనుకున్నట్టే ఉంది, చూస్తున్నారుగా.

మీ బాధ నాకు అర్థమైంది. కానీ మామయ్యా, ఎన్నికలప్పుడు తుపాకులు తీసుకోవడం మీ మీద కక్ష కాదు. ఇక్కడ మా స్టేషన్లో ఆ పని నేనే చేశాను. సైన్యంలో పనిచేసి వచ్చిన ఒకాయన తన తుపాకి ఇచ్చేసి, బిడ్డను మొదటిరోజు బడిలో వదిలి వెళ్తున్నట్టు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లాడు. నాకూ మనసుకు కష్టంగానే అనిపించింది. అయినా పోలింగు రోజు ఎక్కడో ఒకటి పేలితే ఆ ప్రాణానికి ఎవరు జవాబు చెబుతారు? పిస్తోలువాడిని వదిలెయ్యడం తప్పే. అయితే వాడిని వదిలేశారని మిమ్మల్ని కూడా వదిలెయ్యమనడం న్యాయం కాదు కదా. ఫలితాలు రాగానే వారంలో మీది మీకు ఇచ్చేస్తారు.

ఒక మంచి కబురు. మీ స్టేషన్‌కు కొత్త ఎస్సైగా వస్తున్న చైతన్యకృష్ణ నాతో ట్రైనింగ్ చేసినవాడు. మంచివాడు, మర్యాద తెలిసినవాడు. మీ గురించి ముందే ఫోన్ చేసి అన్నీ చెప్పాను. ఏ పని ఉన్నా మొహమాటపడకుండా వెళ్లి కలవండి.

ఈ సముద్రపు గాలికి మన పచ్చళ్లు తొందరగా బూజు పడుతున్నాయి. అత్తను ఈసారి నూనె ఎక్కువ పొయ్యమనండి.

మీ మేనకోడలు,
సిద్దికా


వాగొడ్డుపాలెం,
18 ఆగస్టు 2024

అమ్మాయ్ సిద్దికా,

వారం అన్నావు. ఆగస్టు సగం అయిపోయింది.

ఫలితాలు వచ్చిన పది రోజులకు స్టేషన్‌కు పోయాను. మీవాడు సెలవులో ఉన్నాడు. స్టేషన్ కాగితాలు రాసే రైటరు నా లైసెన్సు పుస్తకం తిప్పి చూసి, "దీని గడువు అయిపోయింది. గడువు లేనిదానికి తుపాకి ఇవ్వం, రెన్యువల్ చేయించుకురా" అన్నాడు. గడువు అయిపోయింది తుపాకి వాళ్ల దగ్గర ఉండగానే. నేను గడువుకు ముందే దరఖాస్తు పెట్టాను. సరే అని ఒంగోలు పోయాను. అక్కడి ఆఫీసులో, "స్టేషన్ నుంచి రిపోర్టు రావాలి" అన్నారు. మళ్లీ స్టేషన్. "రిపోర్టు రాయాలంటే నువ్వు తుపాకి తెచ్చి చూపించాలి" అన్నారు. "అయ్యా, అది మీ బీరువాలోనే ఉంది కదా" అన్నాను. "అది మేం డిపాజిట్ కింద తీసుకున్నది. నువ్వు చూపించాల్సింది వేరే" అన్నాడు. నా చెవుల తప్పేమోనని మళ్లీ చెప్పించుకున్నాను. సరిగ్గానే విన్నాను.

ఈ తిరుగుడు తిరగ్గా తిరగ్గా కిందటి వారం ఒంగోలులో ఒక గుమాస్తా జాలిపడి, "నీ రిపోర్టు ఎప్పుడో వచ్చింది తాతా. చెవుడు ఉన్నందున ఆయుధం వాడుటకు తగడు అని రాశారు" అన్నాడు. అది మీవాడు రాసింది. నన్ను ఒక్కసారి కూడా చూడకముందే రాశాడు! తర్వాత కలిశాను. కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇప్పించాడు, కాగితం మీద రాసి చూపించాడు. అంత మర్యాద చేస్తూనే, ఇంక తన చేతుల్లో లేదన్నాడు.

నా చెవుల సంగతి వాడి దాకా మోసింది ఎవరో నాకు తెలుసు. మన పక్క పొలం కోటేష్. పందుల కోసం పొలాల చుట్టూ కరెంటు తీగ లాగుదాం, నువ్వూ కలువు అని రెండేళ్లుగా నా వెంట పడుతున్నాడు. నా తుపాకి ఉన్నంత కాలం తీగ వద్దు, మనుషులు తిరిగే చోటు అని నేను ఒప్పుకోలేదు. తుపాకి పోతే దారికొస్తానని వాడి ఎత్తు. టీ కొట్టు దగ్గర అందరిముందూ కడిగేశాను. "నా మీద చాడీలు చెబుతావట్రా?" అంటే వాడు నోరు వెళ్లబెట్టాడు. ఏం నటన!

నిన్న పందులు మిరప నారుమడి మొత్తం కుళ్లబొడిచాయి. మీ అత్త గట్టు మీద కూర్చుని ఏడ్చింది. పళ్లెం, గరిటె పుచ్చుకుని కొడితే ఆ పందులు తలెత్తి చూసి మళ్లీ తవ్వుకోవడం మొదలుపెట్టాయంట.

బుడాన్


శ్రీకాకుళం,
10 సెప్టెంబరు 2024

మామయ్యకు,

ముందు ఒక మాట. కోటేష్‌ను ఏమీ అనకండి. చైతన్యకృష్ణకు మీ చెవుల సంగతి చెప్పింది నేను.

మీ మీద చాడీగా చెప్పలేదు. "మా మామయ్యకు సరిగ్గా వినపడదు. స్టేషన్‌కు వస్తే కానిస్టేబుళ్లు అరిచి అవమానిస్తారు, అలా కాకుండా కాగితం మీద రాసి చూపించు" అని చెప్పాను. దాన్ని తీసుకుపోయి రిపోర్టులో పెడతాడని నేను కలలో కూడా అనుకోలేదు. అడిగితే, "నువ్వు చెప్పాక తెలియనట్టు ఎలా రాయను? రేపు ఏదైనా జరిగితే నా ఉద్యోగం పోదా?" అన్నాడు.

కోప్పడరంటే ఇంకొక మాట కూడా రాస్తాను. ఆ రిపోర్టు చూసి నాకు కాస్త ఊరటగా కూడా అనిపించింది. కిందటి ఏడాది ఇక్కడ కొండ కింద ఊళ్లో ఒకతను జీడితోటలో అలికిడి అయితే పంది అనుకుని కాల్చాడు. అది అతని బావమరిది. "నేనే, నేనే" అని వాడు అరిచాడంట, ఇతనికి వినపడలేదు. ఆ శవాన్ని నేను దగ్గరుండి కొండ మీంచి కిందికి దింపించాను. మీ చేతిలో తుపాకి అనుకున్నప్పుడల్లా నాకు ఆ తోట గుర్తొస్తుంది.

సోలార్ కంచెకు సబ్సిడీ ఉందేమో వ్యవసాయాఫీసులో అడగండి. అది తగిలితే ఝల్లుమంటుంది కానీ ప్రాణం పోదు. కరెంటు తీగ జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వకండి.

సిద్దికా


వాగొడ్డుపాలెం,
2 డిసెంబరు 2024

సిద్దికాకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయబుద్ధి కాలేదు.

నా నలభై ఏళ్ల కాపలాలో తుపాకిని ఒక్కసారి కూడా పొలం వైపు దించలేదు. మీ అత్త అలికిడి విని నా భుజం తడుతుంది, నేను ఆకాశంలోకి పేలుస్తాను. ఆ చప్పుడుకు అవి వాగు దాటి పోతాయి. నువ్వు పదో తరగతి చదివేటప్పుడు ఆ మంచె మీద మా పక్కనే పడుకునేదానివి. ఇప్పుడు ఎవడో జీడితోటలో బావమరిదిని చంపుకుంటే ఆ నేరం నాకు అంటగడుతున్నావు.

కోటేష్ ఇంటికి పోయి తప్పైందని చెప్పాను. వాడు గొడ్లకు మేత వేస్తున్నాడు, తల తిప్పలేదు. మేత అంతా వేశాక ఎదురుగా వచ్చి గట్టిగా, "పదిమందిలో దొంగను చేశావు బుడానూ. ఇప్పుడు నా ఇంట్లోకొచ్చి గుసగుసగా తప్పు అంటున్నావు" అన్నాడు. నేను గుసగుసగా మాట్లాడానో గట్టిగా మాట్లాడానో నాకేం తెలుస్తుంది?

మేం మాటలు మానుకున్న ఈ మూడు నెలల్లో వాడు తీగ లాగేశాడు. మొక్కజొన్న చుట్టూ మోకాలెత్తున కట్టాడు. పెద్దాయన బోరు దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు. పెద్దాయన పొలానికీ అదే తీగ. తీసెయ్యరా అని బతిమాలాను. "నీ తుపాకి తెచ్చుకో. ఆ పూటే తీసేస్తా" అన్నాడు.

సోలార్ కంచె దరఖాస్తు ఇచ్చాను. సబ్సిడీ ఈ ఏడు అయిపోయిందంట. పెద్దాయన తమ్ముడి కూతురి పెళ్లిలో బరాత్ ఊరేగింపులో తుపాకులు పేల్చారు. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ ఫోన్లో వీడియో తీసుకున్నాడు.

బుడాన్


శ్రీకాకుళం,
14 డిసెంబరు 2024

మామయ్యకు,

మీరు నన్ను ఎన్ని అన్నా పడతాను. ఇది ఆ తీగ గురించి మాత్రమే రాస్తున్నాను. ఉత్తరం అందిన పూటే చైతన్యకృష్ణకు ఫోన్ చేశాను. ఇవాళే మనిషిని పంపి తీయిస్తానని మాట ఇచ్చాడు. అంతవరకూ మీ పొలంలోకి వచ్చే కూలీలను ఆ గట్టు వైపు పోనివ్వకండి. అత్తనైతే అసలు పంపకండి.

సిద్దికా


వాగొడ్డుపాలెం,
20 ఫిబ్రవరి 2025

సిద్దికాకు,

మీవాడు పంపిన మనిషి వచ్చాడు. కోటేష్ ఇంట్లో భోజనం చేశాడు, పోతూ పోతూ ఒక కోడిని బండికి తగిలించుకున్నాడు. తీగ అలాగే ఉంది.

సంక్రాంతి అయ్యాక, కొన్న నారుతో మళ్లీ వేసిన మన మిరప కోతకు కర్నూలు వైపు నుంచి కూలీలు వచ్చారు. మన గట్టు మీదే పట్టాలు కప్పుకుని ఉంటున్నారు. వాళ్లలో సుంకమ్మ అని ఒక పిల్ల, నీకన్నా చిన్నది. వాళ్ల అత్తకు చెవుడంట, అందుకని నాతో చేతులతో మాట్లాడేది. రెండు చేతులూ తలకు పెట్టి కొమ్ములు చూపించి, పందులు వచ్చాయని చెప్పేది. పందికి కొమ్ములుండవే పిచ్చిదానా అంటే పడీ పడీ నవ్వేది. ఆ నవ్వు నాకు వినపడేది కాదు గానీ, పొలం పొలమంతా తిరిగి చూసేది.

ఆ గట్టు వైపు పోవద్దని అందరికీ చెప్పాను. మీ అత్త కూడా చెప్పింది. కానీ ఆడవాళ్లకు వాగులోకి పోవడానికి ఉన్న దారి అదొక్కటే. పోయిన గురువారం తెల్లవారుతుండగా సుంకమ్మ చెంబు పట్టుకుని పోయింది. మంచు బాగా పట్టి ఉంది. మీ అత్త నన్ను లాక్కుపోయింది. నేను ఎండుకర్రతో తీగను పక్కకు తోశాను. అప్పటికే అయిపోయింది. కాలి పిక్క మీద వాత పెట్టినట్టు నల్లగా కాలి ఉంది. వాళ్లాయన మద్దిలేటి ఆ పాదం పట్టుకుని కూర్చున్నాడు, ఎవరు లేపినా లేవలేదు.

పోలీసులు వచ్చేసరికి తీగ లేదు, గుంజలు కూడా లేవు. పెద్దాయన మనుషులు ట్రాక్టరులో వేసుకుపోయారు. మూర్ఛ వచ్చి గట్టు మీద పడింది అని రాశారు. పోస్టుమార్టం అయిందన్నారు. మద్దిలేటి చేతిలో ఏదో పెట్టి, శవంతో పాటు వ్యాను ఎక్కించి ఆ సాయంత్రమే పంపేశారు. వాడు వెనక అద్దంలోంచి నన్నే చూస్తూ పోయాడు.

మర్నాడు నాతో సంతకం పెట్టించడానికి వచ్చారు. ఆమె మూర్ఛతో పడిపోవడం నేను కళ్లారా చూశానట. నేను చూసింది చెబుతాను, రాసుకోండి అన్నాను. రాసుకోలేదు.

ఆ మర్నాడు మీ చైతన్యకృష్ణే వచ్చి ఇల్లు సోదా చేయించాడు. మందుల డబ్బాలో నాలుగు తూటాలు దొరికాయి. మా నాన్న నాటివి, చిలుము పట్టి పచ్చగా అయిపోయాయి. అవి అక్కడున్న సంగతే నాకు గుర్తులేదు. లైసెన్సు గడువు లేదు కాబట్టి అది నేరమంట. అందరినీ బయటికి పంపించి, నా ఎదురుగా కూర్చుని, జేబులోంచి కాగితం తీసి శుభ్రమైన అక్షరాలతో రాసి చూపించాడు. "సంతకం పెడితే ఇవి నేను చూడలేదు." నేను చదివాక దాన్ని చింపి, ముక్కలు జేబులో వేసుకున్నాడు.

నాతో కాగితం మీద మాట్లాడమని నువ్వే చెప్పావుగా. బాగా నేర్చుకున్నాడు.

బుడాన్


శ్రీకాకుళం,
27 ఫిబ్రవరి 2025

మామయ్యకు,

మీ ఉత్తరం రెండు రోజుల కింద అందింది. చైతన్యకృష్ణతో పెద్ద గొడవ పెట్టుకున్నాను. తర్వాత కొంచెం స్థిమితపడి ఆలోచించాను. ఇప్పుడు రాసేది పోలీసుగా రాస్తున్నాను, మీ బిడ్డలాంటిదాన్ని కాబట్టి కూడా రాస్తున్నాను.

ఆ సంతకం పెట్టెయ్యండి.

తూటాల కేసు చిన్నది కాదు. అరెస్టు చెయ్యొచ్చు. మీకు షుగరు ఉంది. లాకప్‌లో ఎవరు ఏం అడుగుతున్నారో మీకు వినపడదు, జవాబు చెప్పలేదని చెయ్యి చేసుకుంటారు. అక్కడ ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. అత్త ఒక్కతే ఏమైపోతుంది? పెద్దాయన మీద నిలబడి గెలిచినవాళ్లు మన మండలంలో ఎవరైనా ఉన్నారా? కోటేష్‌కూ ఇద్దరు ఆడపిల్లలు. మీరు నిజం చెబితే మునిగేది అతనే, పెద్దాయన కాదు. సుంకమ్మ ఎలాగూ తిరిగి రాదు.

అమ్మ కూడా ఇదే చెప్పమంది. ఈ ఒక్కసారికి నా మాట వినండి.

సిద్దికా


వాగొడ్డుపాలెం,
16 మార్చి 2025

సిద్దికాకు,

నీ ఉత్తరం నేను బెయిలు మీద ఇంటికి వచ్చాక చదివాను. అంతకు ముందే అందినా సంతకం పెట్టేవాణ్ణి కాదు.

ఒక పగలూ రాత్రీ లాకప్‌లో ఉంచారు. ఎవరూ కొట్టలేదు, నీకు ఆ దిగులు అక్కర్లేదు. కటకటాల్లోంచి చూస్తే ఎదురు గదిలో బీరువా తలుపు సగం తెరిచి ఉంది. మా తుపాకులన్నీ కట్టెలమోపులా పడి ఉన్నాయి. చెదలు పట్టింది. మా నాన్న కొబ్బరినూనె రాసి తుడిచే చెక్క మీద మట్టి పుట్టలు లేచాయి. లోకం శాంతిగా ఉండాలని మా దగ్గర తీసుకున్నవి అవి! బయట వరండాలో ఆ పిస్తోలువాడు కుర్చీలో కాళ్లు చాపుకుని టీ తాగుతున్నాడు.

ఇంకొకటి చెబుతాను విను. నేను లోపల ఉండగానే కోటేష్ వచ్చాడు. గడ్డం పెరిగి మనిషి సగం అయిపోయాడు. టేబుల్ ముందు నిలబడి, నాకు కూడా వినపడేంత గట్టిగా అరిచాడు. "ఆ తీగ నాది. నేనే కట్టాను. నన్ను లోపలేసి ఆ ముసలోణ్ణి వదలండయ్యా!" మీవాడు లేచి, వాడి భుజం మీద చెయ్యేసి, గేటు దాకా నడిపించుకుపోయి ఆటో ఎక్కించాడు. ఆ కేసు మూసేశాం, పిచ్చిగా వాగితే నీ భార్యాపిల్లలే ఇబ్బంది పడతారు అన్నాడంట. నేరం చేసినవాడు నేరం చేశానని మొత్తుకుంటే ఇంటికి పంపే స్టేషను, చిలుము పట్టిన తూటాలకు నన్ను లోపలేసింది. అదే స్టేషను, అదే పూట. ఛీ.

నువ్వు రాసింది అంతా భయంతో రాశావని సరిపెట్టుకోగలను. ఒక్క మాట మాత్రం నా వల్ల కావడం లేదు. సుంకమ్మ ఎలాగూ తిరిగి రాదు అన్నావు. ఆ మాట నువ్వే రాశావా, పక్కన ఎవరైనా నిలబడి రాయించారా? ఎవరో రాయించారని అనుకోవాలని ఉంది.

ఇక నాకు రాయకు.

బుడాన్


ఒంగోలు,
3 జూన్ 2025

మామయ్యకు,

రాయొద్దన్నారు. అయినా రాస్తున్నాను. చింపేసినా ఒకసారి చదివాక చింపండి.

ఆ మాట నేనే రాశాను. ఎవరూ రాయించలేదు. స్టేషన్లో శవాలు వచ్చిన ప్రతిసారీ మేం అనుకునే మాట అది. అంతగా అలవాటైపోయి, మీకు రాస్తున్నప్పుడు చెయ్యి ఆగలేదు.

మీ ఉత్తరం చదివాక సెలవు పెట్టి మద్దిలేటి ఊరికి వెళ్లాను. యూనిఫాం లేకుండా వెళ్లాను. నేను పోలీసునని చెప్పగానే వాళ్ల అమ్మ లోపలికి పోయి, వాళ్లిచ్చిన కట్ట తెచ్చి నా ముందు పడేసింది. ఒక్క నోటు కూడా విప్పలేదు. "తీస్కపో, నా కోడలు మూర్ఛ మనిషి కాదు" అంది. ఆమెకు వినపడదు. అందుకని నేనేం చెప్పినా మద్దిలేటి చేతులతో చూపించాల్సి వచ్చింది. మద్దిలేటి పై అధికారులకు అర్జీ పెట్టాడు. దాంతో పాటు నేనూ ఒక వాంగ్మూలం రాసిచ్చాను. చైతన్యకృష్ణ నాతో ఫోన్లో ఏమన్నాడో, మీతో సంతకం పెట్టించమని నన్ను ఎలా అడిగాడో, నేను మీకు ఏం రాశానో అంతా రాశాను.

శవాన్ని బయటికి తీసి మళ్లీ పరీక్ష చేశారు. కరెంటు వల్లే అని తేలింది. కొత్తగా కేసు కట్టారు. కోటేష్ లొంగిపోయాడు, మీకు తెలిసే ఉంటుంది. పెద్దాయన పేరు ఎక్కడా లేదు. ఆ కరెంటు ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. చైతన్యకృష్ణను వేరే స్టేషన్‌కు బదిలీ చేశారు, అంతే. నన్ను మాత్రం వీఆర్‌లో పెట్టారు. పోస్టింగ్ లేదు, పని లేదు, రోజూ ఆఫీసుకు పోయి బెంచీ మీద కూర్చుని రావాలి. నాతో పనిచేసినవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. ఒకడు మాత్రం, "సొంత మామ కోసం బ్యాచ్‌మేట్‌ను అమ్మేసింది" అని గ్రూపులో పెట్టాడు.

నిన్న మీ తూటాల కేసు ఏమైందో కనుక్కుందామని ఒంగోలు వచ్చాను. ఇక్కడిదాకా వచ్చి మీ ఊరికి బస్సెక్కడానికి ధైర్యం చాలలేదు. లాడ్జిలో కూర్చుని రాస్తున్నాను.

తుపాకి విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు మామయ్యా. చెవులు వినపడనివాళ్ల చేతిలో తుపాకి ఉండకూడదనే అనుకుంటాను. కానీ దాన్ని మీ దగ్గర నుంచి తీసుకునేవాళ్లకు, మీ పొలాన్ని కాపాడే బాధ్యత కూడా ఉండాలి. అది ఏ కాగితంలోనూ లేదు. నేను తీసుకున్న తుపాకుల వెనక ఎన్ని పొలాలున్నాయో నేను ఎప్పుడూ అడగలేదు.

సిద్దికా


వాగొడ్డుపాలెం,
9 నవంబరు 2025

అమ్మాయ్ సిద్దికా,

లాడ్జిలో ఉండటం ఏమిటి, సిగ్గులేదా? మీ అత్త ఆ ఉత్తరం చదివి నన్ను వారం రోజులు తిట్టింది. ఈసారి నేరుగా ఇంటికి రా. నాకు జవాబు రాయడానికి ఇన్ని నెలలు పట్టింది. కోపం వల్ల కాదు. ఏం రాయాలో తెలియలేదు.

లైసెన్సు రద్దు చేశామని కాగితం వచ్చింది. పోనీ. నీతో ఆ విషయం మీద మంచె ఎక్కి తీరిగ్గా పోట్లాడతాను. ఈ ఏడు నేను మిరప వెయ్యలేదు. బెయిలు మీద వచ్చిన కోటేష్ కూడా మొక్కజొన్న వెయ్యలేదు. ఇద్దరం శనగ వేశాం. పందులు దాన్నీ తింటున్నాయి.

రెండు కేసులూ ఒకే కోర్టులో పడ్డాయి. మొన్న సోమవారం రెండూ ఒకే రోజు వాయిదా. పొద్దున నేను ముద్దాయిని, మధ్యాహ్నం కోటేష్ ముద్దాయి, నేను సాక్షిని. మధ్యలో ముగ్గురం, అంటే నేను, కోటేష్, మద్దిలేటి, ఒకే చెట్టు కింద కూర్చున్నాం. మీ అత్త కట్టిచ్చిన పులిహోర నా దగ్గరే ఉంది. కోటేష్‌కు ఇస్తే తినలేదు. మద్దిలేటి తన ఆకులోంచి సగం తీసి వాడి ముందు పెట్టాడు. కోటేష్ ఆ ఆకు ముట్టుకోకుండా లేచి పోయి, కోర్టు గోడవారన వాంతి చేసుకున్నాడు.

ప్రభుత్వ వకీలు నన్ను పక్కకు పిలిచి సలహా చెప్పాడు. మంచి మనిషే, చెవి దగ్గర అరిచి చెప్పాడు. "తూటాల కేసులో నేరం ఒప్పేసుకో తాతా. ముసలివాడివని జరిమానాతో పోతుంది. ఈ వయసులో ఎన్నేళ్లు తిరుగుతావు?" అన్నాడు. ఒప్పుకుంటే రెండో కేసులో ఏమవుతుందని అడిగాను. శిక్ష పడ్డ సాక్షి మాటకు విలువేముందని అవతలి వకీలు అంటాడు, అది మామూలే అన్నాడు. అంటే ఆ పిల్ల మూర్ఛతో పడలేదని చెప్పడానికి వాళ్లు సాక్షిగా రాసుకున్న ఊరి మనిషిని నేనొక్కణ్ణి, మీ అత్త పేరు రాయనేలేదు, ఆ నా మాటను నా చేతే చెడగొట్టిస్తారన్నమాట.

ఒప్పుకోనని చెప్పేశాను. జనవరికి వాయిదా వేశారు. ఆ తర్వాత ఇంకొకటి వేస్తారు, దాని తర్వాత మరొకటి. తిరుగుతాను. బస్సు పాసు తీసుకున్నాను.

మీ మామయ్య,
బుడాన్